ఈశాన్యంలో కారిన ఏసీ

ముందే ఒప్పుకుంటున్నాను, నేను ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పే మనిషిని కాదు. నాకు జలుబు చేస్తే న్యుమోనియా అని చెప్పుకుంటాను. కూరగాయల బండి దగ్గర ముగ్గురు నిలబడి ఉంటే ఇంటికొచ్చి జాతర జరుగుతోందంటాను. ఈ గుణం మానుకోవాలని లక్షసార్లు అనుకున్నాను. కాబట్టి ఈ కింద అంకెలు కనిపిస్తే పదితో భాగించుకుని చదవండి. అయితే ఒక సంగతి మాత్రం పెంచి చెప్పింది కాదు, మొత్తంగా కల్పించింది. అదేదో చివర నేనే చెప్తాను, మీరు వెతుక్కోనక్కర్లేదు.

పుప్పాలగూడలో మేము కిరాయికి ఉంటున్న ఫ్లాటు ఏడో అంతస్తులో ఉంది. బెడ్‌రూమ్ చివర బే విండో. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను, బే విండో అంటే గోడకు భోజనం ఎక్కువై పొట్ట బయటికి వచ్చినట్టు ఉంటుంది. ఆ పొట్టలో కూర్చోవడానికి ఒక గట్టు, గట్టుకు మూడు వైపులా అద్దాలు. ఏడాది కింద ఇల్లు చూపించిన బ్రోకరు ఆ గట్టు మీద చెయ్యి వేసి, ఇది ఈశాన్యం మూల, ఇట్లాంటి మూల ఈ టవర్లో ఇంకొకటి లేదు అని గర్వంగా చెప్పాడు, తానే కన్నట్టు. మేము చూడటానికి వెళ్లింది పొద్దున ఎనిమిదింటికి. ఎండ నేరుగా వచ్చి గట్టు మీద పడి మెరుస్తోంది. తూర్పు కాకపోతే పొద్దున ఎండ ఎందుకు వస్తుంది? మేమిద్దరం ఇంజినీరింగ్ చదివినవాళ్లం. ఇంతకు మించిన రుజువు అడగాలని తోచలేదు.

ఆ కిటికీ నెత్తి మీద మా ఏసీ పెట్టించాం. పెళ్లయిన కొత్తల్లో కొన్నది. మాతోపాటు మూడు కిరాయి ఇళ్లు మారింది. ఆన్ చేస్తే ముందు దగ్గుతుంది, తర్వాత కాసేపు ఆలోచిస్తుంది, ఆపైన మనసుంటే చల్లబరుస్తుంది.

ఇంట్లో ఇప్పుడు ఉద్యోగం ఒక్కటే, మా ఆవిడది. నాకూ ఒకటుండేది. సాఫ్ట్‌వేర్‌తోపాటు ఇచ్చే సూచనల పుస్తకాలు రాసేవాణ్ని. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో చెప్పే, ప్రపంచంలో ఎవరూ చదవని సాహిత్యం అది. రెండేళ్ల కింద ఆ సాఫ్ట్‌వేరే, నా గురించి నేనే రాసుకుంటాను, నువ్వు ఇంటికి వెళ్లు అంది. అప్పటి నుంచి ఆదివారం అనుబంధాలకు నవ్వు పుట్టించే వ్యాసాలు రాస్తున్నాను. ఎవరికి పుడుతోందో ఇంతవరకు కబురు లేదు. ఆమె మాత్రం ఇరవై రెండేళ్లుగా టెస్టింగ్‌లో ఉంది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె పని. ఆఫీసులో పని తక్కువైన రోజు ఇంటికొచ్చి నన్ను టెస్ట్ చేస్తుంది. ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చుని పెళ్లి దాకా వచ్చినవాళ్లం కాబట్టి మా మధ్య ఏమండీలు లేవు. నువ్వంటే నువ్వు.

ఈ వేసవి మొదట్లో ఆమె ఆఫీసులో మనుషులను తీసేయడం మొదలుపెట్టారు. దానికి గురువారం ఖాయం చేశారు. ఆ పొద్దున క్యాలెండర్‌లో పదిహేను నిమిషాల మీటింగు ఒకటి వచ్చి కూర్చుంటుంది. ఎందుకో రాసి ఉండదు. దానికి హాజరైన మనిషి తిరిగి సీటు దగ్గరికి వచ్చేసరికి అతని ల్యాప్‌టాప్ అతన్ని గుర్తుపట్టదు. మొదటి గురువారం ఆమె టీమ్‌లో సగం మంది వెళ్లిపోయారు. ఆమె మిగిలింది. సాయంత్రం ఇంటికొచ్చి, మెడలో ఐడీ కార్డు కూడా తీయకుండా వెళ్లి బే విండో గట్టు మీద కూర్చుంది. టీ ఇస్తే తాగలేదు. ఆమె పక్కన దిండు మీద టప్పుమని చప్పుడైంది. పైకి చూశాం. ఏసీ కారుతోంది.

మర్నాటికి ఆ చుక్కకు తోడు దొరికింది. మూడో రోజుకు శ్రీశైలం గేట్లెత్తారు. నేను స్నానాల బకెట్ తెచ్చి కింద పెట్టాను. మా ఆవిడ దాన్ని పక్కకు తోసి, పూజగదిలోంచి రాగి చెంబు తెచ్చి పెట్టింది.

ఈశాన్యంలో నీళ్లుండాలట. ఇల్లు కట్టుకునేవాళ్లు బోరు వేసినా సంపు తవ్వినా ఆ మూలే చూస్తారు. ఏడో అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లు సంపు ఎక్కడ తవ్వుతారు? అందుకే పైవాడు జాలిపడి ఏసీ పగలగొట్టి ఇచ్చాడని ఆమె లెక్క.

"నౌకరీ నిలవడ్డ దినమే నీళ్లొచ్చినయి. ఇగ దాన్ని ముట్టకు" అంది.

నేను నోరు తెరిచి చూశాను. మా పెళ్లిలో ముహూర్తం దాటిపోతోందని పంతులు గొంతు చించుకుంటుంటే, ఐదు నిమిషాలు ఆగమని టీ తాగి వచ్చిన మనిషి ఆమె. ఇప్పుడు ఏసీ మొహాన కుంకుమ బొట్టు పెట్టి, చెంబులో గన్నేరు పువ్వు వేసి, నిండిన నీళ్లు సింకులో పారబోస్తే పాపమని తులసి కుండీకి మోస్తోంది. తులసి మొక్క ఆ వారంలో తాటిచెట్టంత అయింది.

రెండో గురువారం నలుగురు పోయారు. ఆమె మిగిలింది. చెంబు నిండింది. మూడో గురువారం ఆమెకు పని నేర్పిన పెద్దమనిషి పోయాడు. ఆమె మిగిలింది. చెంబు నిండింది. ఇలా వరసగా జరుగుతుంటే చదువుకున్నవాడికైనా వెన్నులో చలి పుడుతుంది. కారడం వల్లే ఆగుతోందని ఎవరూ పైకి అనలేదు. కానీ బుధవారం వచ్చిందంటే ఇంట్లో ఇద్దరం చుక్కల చప్పుడు వింటూ అన్నం తినేవాళ్లం.

ఒక బుధవారం వాన పడి ఊరు చల్లబడింది. చుక్క ఆగిపోయింది. ఆ రోజు మా ఇంట్లో జరిగిన హడావుడి ఏ ఆపరేషన్ థియేటర్లోనూ జరిగి ఉండదు. ఏసీని పదహారు డిగ్రీలకు దించి, తలుపులన్నీ మూసి, గంటల తరబడి నడిపించాం. హైదరాబాదులో మే నెలలో స్వెటర్లు వేసుకుని, మఫ్లర్లు చుట్టుకుని, దుప్పటి కింద కూర్చుని ఏసీని బతిమాలిన కుటుంబం మాదొక్కటే. చీకటి పడే వేళకు అది ఒక్క చుక్క రాల్చింది. మర్నాడు ఆమె మిగిలింది.

నీళ్లు మాత్రం చెంబుతో ఆగలేదు. గట్టు పలకల సందుల్లోంచి దారి చూసుకుని ఆరో అంతస్తులోకి దిగాయి. అక్కడ ఉండేది కోస్తా వైపు నుంచి వచ్చిన ఒకాయన. ఆయన కూడా ఏదో కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాడు. మా బే విండోకు సరిగ్గా కింద ఆయన బే విండో, దానిలోనే ఆయన ఆఫీసు. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు ఫోన్లో ఫొటో చూపించి, ఏమీ అనుకోవద్దని మూడుసార్లు చెప్పి, సీలింగు మీద ఇడ్లీ అంత మచ్చ ఏర్పడిందన్నాడు. రెండోసారి వచ్చేటప్పటికి ఇడ్లీ అట్టయింది. మూడోసారికి ఆ మచ్చకు కొండలు, నదులు, సరిహద్దు తగాదాలు వచ్చేశాయి. వీడియో మీటింగుల్లో ఆయన వెనక అదే కనిపిస్తోందట. పరదేశం నుంచి మాట్లాడే ఆయన పైఅధికారి, మీ ఊళ్లో వరదలా, క్షేమమేనా అని వారం వారం పరామర్శిస్తున్నాడట. మెకానిక్‌కు చెప్పానని, పది నిమిషాల్లో వస్తానన్నాడని నేను ప్రతిసారీ చెప్పి పంపాను. నా పది నిమిషాల వయసు అప్పటికి నెల దాటింది.

నాలుగోసారి ఆయన వచ్చినప్పుడు జుట్టులో సున్నం ఉంది.

"మీటింగులో నా గురించి నేను చెప్పుకుంటున్నానండి. ఈ ఏడాది ఏం సాధించానో. అప్పుడు పెచ్చు ఊడి నెత్తిన పడిందండి" అన్నాడు.

నేను కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు.

"మా దగ్గరా తీసేస్తున్నారండి. నన్ను కూడా ఉంచుతారో లేదో తెలీదు. కనీసం మీ ఏసీ వల్ల పోయిందని రేపు నేను అనుకోకుండా చేయండి. గురువారం లోపు ఆపించండి, లేదంటే అసోసియేషన్‌కి రాసిస్తానండి."

కోపంలో కూడా అండి మరచిపోలేదు. అదే నన్ను ఎక్కువ కుంగదీసింది. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ని, తగాదా అయ్యేది, తగాదా పేరు మీద ఇంకో రెండు గురువారాలు గడిచేవి. ఈయన కూడా మాలాగే గురువారాల నుంచి తప్పించుకు తిరుగుతున్నవాడని తెలిశాక చెంబు ఎత్తడం తప్ప దారి లేకపోయింది. మా ఆవిడ, ఒక్క గురువారం పోనీ, శుక్రవారం చేయిద్దాం అంది. గురువారం లోపు అని ఆయన అడిగాడని చెప్పాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం మెకానిక్ వచ్చాడు. పుప్పాలగూడ పాత ఊళ్లో దుకాణం, పాలమూరు దిక్కు మనిషి, నా వయసే ఉంటుంది. గట్టెక్కి ఏసీ మూత తీసి టార్చి వేసి చూశాడు. లోపలి ట్రే పగిలింది, కాయిల్ తుప్పు పట్టింది, నీళ్లు పోయే పైపులో ఏదో పురుగు సంసారం పెట్టుకుంది. మూత నుదుట కుంకుమ చూసి, అది చెరగకుండా దాన్ని పక్కన పెట్టాడు.

"దీన్ని దవాఖానల చేర్చే టైం దాటింది సార్. కొత్తది తెచ్చుకోండ్రి. గిదే సైజు వద్దు, సాల్దు. రెండు టన్నులది తెండ్రి. పడమటి గోడ గదా, పెనం లెక్క కాలుతది" అన్నాడు.

నేను సరిదిద్దాను. పడమర కాదు, తూర్పు, ఇంకా చెప్పాలంటే ఈశాన్యం, పొద్దున ఎండ ఈ గట్టు మీదే పడుతుంది అని చెప్పాను. ఆయన తెర పక్కకు లాగాడు. ఆ తెర మధ్యాహ్నం రెండింటి నుంచి మేము మూసే ఉంచుతాం. ఎదురుగా ఒక ఆఫీసు బిల్డింగు ఉంది, నేల నుంచి ఆకాశం దాకా అద్దాలే. మధ్యాహ్నమైతే దాని వెలుగు కళ్లలో కొడుతుందని రోజూ దాన్ని తిట్టుకుంటూ తెర వేస్తాం. మెకానిక్ ఆకాశం చూశాడు, బిల్డింగును చూశాడు, ఆఖరుకు జాలిగా నన్ను చూశాడు.

"సార్, ఇప్పుడు మీద కొడుతున్నది సూర్యుడు. పొద్దుగాల మీకు కనవడేది గా అద్దం."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పొద్దున సూర్యుడు మా టవరు వెనక నుంచి లేస్తాడు. ఎదుటి అద్దాల మీద పడతాడు. అక్కడి నుంచి తిరిగొచ్చి మా గట్టు మీద వాలతాడు. మేము దానికి దండం పెట్టుకుంటాం. మధ్యాహ్నం అసలు సూర్యుడు స్వయంగా కిటికీ దగ్గరికి వస్తే, అద్దాల బిల్డింగు పీడ అని మొహం మీద తెర వేస్తాం. ఏడాది పాటు ఇదే చేశాం. ఫోన్లో మ్యాపు లేనిదే వీధి చివర పాల దుకాణానికి కూడా పోలేని ఇద్దరం, ఇంట్లో దిక్కు ఎటో ఒక్కసారి అందులో చూసుకోలేదు.

తూర్పు పడమరయితే ఈశాన్యం నైరుతి అవుతుంది. నైరుతిలో బరువుండాలి, నీటిచుక్క ఉండకూడదు, ఉంటే ఇంటి పెద్దకు గండం అని ఫోన్లో వీడియోలు పెట్టే పండితులందరూ వేలు చూపించి మరీ చెప్తారు. దక్షిణానికి తల పెట్టామనుకుని ఏడాదిగా ఉత్తరానికి పెట్టి పడుకున్నాం. పడమటికి తిరిగి తూర్పు అనుకుని దండాలు పెట్టాం. ఆ ఏడాది మా మొక్కులన్నీ ఏ దేవుడి కార్యాలయానికి చేరాయో, ఎవరు తీసుకుని ఎక్కడ పడేశారో.

"ఫికర్ చెయ్యకుండ్రి. ఈ దిక్కు ఫ్లాట్లల్ల శానమంది గిట్లనే అనుకుంటున్నరు. పైన ఒకాయన గోడ వలగ్గొట్టి పూజగదే తిప్పిండు" అన్నాడు మెకానిక్.

"అన్నా, మా ఆవిడ ఉన్నప్పుడు ఈ దిక్కుల ముచ్చట తియ్యకు" అని బతిమాలాను. ఆయన తల ఊపాడు.

ఆయన వెళ్లాక చాలాసేపు చెంబు పక్కన కూర్చున్నాను. తప్పుడు మూలలో, ఉండకూడని చోట నీళ్లు కారుతున్నా ఆమె ఉద్యోగం రెండు నెలలు నిలిచింది. అంటే ఆ నీళ్లకూ ఆ ఉద్యోగానికీ ఏ సంబంధమూ లేదు. తెలివున్నవాడికి ఈ సంగతి ధైర్యమివ్వాలి. నాకు ఉన్నది కాస్తా పోయింది. అప్పటిదాకా చేతిలో ఒక చెంబైనా ఉంది. ఎక్కడో ఎవరో ఒక జాబితా తయారుచేస్తుంటే, ఇక్కడ మేమూ ఏదో ఒకటి చేస్తున్నామన్న ఊరట ఉంది. ఇప్పుడు మేము చేయగలిగింది ఏమీ లేదని తేలిపోయింది. నిజానికి మొదటి నుంచీ ఏమీ లేదు.

బుధవారం కొత్త ఏసీ వచ్చింది. పాతదాన్ని దించుతుంటే అది లోపల దాచుకున్న నీళ్లన్నీ ఒక్కసారి మెకానిక్ నెత్తిన గుమ్మరించింది. దాని వెనక గోడ మీద నల్లటి చారలు, పాత పెయింటు పొట్టు. ఆయన ఆ చోటంతా గీకి, కొత్త స్టాండు బిగించి, పైపుకు బయటి వైపు వాలు ఇచ్చి, ట్రేలో మగ్గుతో నీళ్లు పోసి చూపించాడు. ఒక్క చుక్క లోపలికి రాలేదు. అన్నీ సక్రమంగా బయటికి పోయాయి.

"ఇగ సుక్క రాదు సార్. గ్యారంటీ" అన్నాడు.

అంత మంచి పనిని అంత భయంగా చూసినవాడు ఆయన ఖాతాదారుల్లో నేనొక్కణ్నే అయ్యుంటాను. కింది అంతస్తు ఆయన వచ్చి, గట్టు తడిమి చూసి, చాలా థాంక్సండి అని రెండు చేతులూ పట్టుకున్నాడు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఆమె జడ వేసుకుంటుండగా ఫోను మోగింది. చూసి, నాకు చూపించింది. పదకొండుంపావుకు, పదిహేను నిమిషాలు. ఆఫీసుకు రానక్కర్లేదు, వీడియోలో చాలన్నారు.

ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాను. వచ్చే వారానికి మార్చమన్నాను. ఆమె నా మాట వినిపించుకోకుండా బీరువా తెరిచింది.

"ఏ డ్రెస్ ఏసుకోవాలె దీనికి?" అంది.

ఇరవై రెండేళ్ల కింద ఇంటర్వ్యూకు ఏం వేసుకోవాలో ఆమెకు తెలుసు. ఇలాంటిదానికి ఏం వేసుకుంటారో మాకు ఇద్దరికీ తెలియదు. నీలం రంగుది తీసుకుంది.

తలుపు వేసుకుని బే విండోలో కూర్చుంది. నేను వంటింట్లో నిలబడి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను. పదిహేను నిమిషాలన్నది తొమ్మిది నిమిషాల్లో ముగిసింది. ఈ అంకెను మాత్రం భాగించకండి.

నేను వెళ్లేసరికి ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని అద్దాల్లోంచి చూస్తోంది.

"ఏమన్నరు?"

"ఏమంటరు. హెచ్‌ఆర్ పిల్లెవరో కాయితం చూసి చదివింది. నా పేరు పలకరాలే ఆ పిల్లకు. రెండుసార్లు ట్రై చేసి, మేడమ్ అన్నది."

తర్వాత పాస్‌వర్డు కొట్టింది. తప్పంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పంది. టెస్టింగ్ మనిషి కదా, ఒక తప్పు నిజంగా తప్పేనని తేల్చడానికి మూడుసార్లు చూడాలి. మూడోసారి కూడా చూసి, మూత మూసి పక్కన పెట్టింది. పైన కొత్త ఏసీ చప్పుడు లేకుండా నడుస్తోంది. ఆమె కాళ్లు పైకి లాక్కుని గోడకు ఆనుకుంది.

"సల్లగున్నది. ముందే చేపిస్తే అయిపోవు గద" అంది.

ఇక నేను కల్పించిన భాగం. ఆ నమ్మకం ఆమెది కాదు. ఆమెకు ఈశాన్యమూ తెలియదు, నైరుతీ తెలియదు, తెలుసుకోవాలని ఎప్పుడూ లేదు. బకెట్ పెట్టింది ఆమె, దాన్ని తోసి రాగి చెంబు పెట్టింది నేను. కుంకుమ, గన్నేరు పువ్వు, తులసికి మోసిన నీళ్లు, అన్నీ నావే. ఆమె ఆఫీసులో ఉన్నప్పుడు స్వెటర్ వేసుకుని ఏసీని బతిమాలింది నేనొక్కణ్నే. శుక్రవారం దాకా ఆగుదామన్నదీ నేనే, అదీ మనసులో. దాన్ని ముట్టకు అని ఆమె అన్నట్టు రాశాను, అది నాకు నేను చెప్పుకున్న మాట. మెకానిక్‌ను బతిమాలింది మాత్రం నిజం. ఆమె నమ్మకం చెదురుతుందని కాదు, నా నమ్మకం బయటపడుతుందని. ఏసీ కారిన మొదటి సాయంత్రమే ఆమె మెకానిక్ నంబరు సంపాదించి నా ఫోనుకు పంపింది. రోజూ అడిగేది, వస్తానన్నాడా అని. పది నిమిషాల్లో అని ఆమెకూ చెప్పాను. ఇరవై రెండేళ్లు ఒకే ఉద్యోగం చేసి, అందులో మిగిలిన చివరి రెండు నెలలూ ఆమె ఇంటికొచ్చి ఆ తడి గట్టు మీద ఒక మూలకు ముడుచుకుని కూర్చుంది. అదొక్కటే ఆమెకు ఇంట్లో ఇష్టమైన చోటు.